పరాయి చేతి రొట్టె

హవల్దారు అంటే ఆ నాలుగు వీధుల్లో ఒక్కడే. పోలీసు కుక్కల దళంలో ముప్పయ్యొక్క ఏళ్లు పనిచేసి, తొమ్మిది కుక్కలను కన్నబిడ్డల్లా తీర్చిదిద్ది, మూడు పతకాలు ఛాతీ మీద పెట్టించుకుని దిగినవాడు. బ్యాంకు దోచిన ముఠాను ఒక్క చెప్పు వాసనతో పదకొండు మైళ్లు వెంబడించి పట్టించినవాడు. ఏట్లో కొట్టుకుపోయిందనుకున్న పసిదాన్ని మొక్కజొన్న చేలో బతికుండగా చూపించినవాడు. చదివింది ఊరిబడిలో అయిదో తరగతే. అయితేనేం, ఆయన కుక్క లేచి నిలబడితే పెద్ద పెద్ద అధికారులూ లేచి నిలబడేవారు. ఇవి గాలి కబుర్లు కావు. పతకాలు గోడకు ఉన్నాయి, ఎవరైనా వెళ్లి చూసుకోవచ్చు.

అంతటి మనిషికి రిటైరయ్యాక ఇంట్లో కాలూ చెయ్యీ ఆడలేదు. కుర్చీలను ఆ మూల నుంచి ఈ మూలకు జరిపాడు. ముప్పై ఏళ్లుగా వంట చేస్తున్న భార్యకు ఉల్లిపాయ తరగడం నేర్పబోయాడు.

“ఏమయ్యా, నేనేమన్నా నీ దళంలో చేరానా, కూర్చోమంటే కూర్చుని లెమ్మంటే లేవడానికి?” అంది ఆవిడ. “అంత సరదాగా ఉంటే వెళ్లి వీధిలో కుక్కల్ని తిప్పుకో. అందరూ ఉద్యోగాలకు పరిగెత్తేవాళ్లే, వాటిని చూసే దిక్కు లేదు.”

ఎత్తిపొడుపుగా అన్న మాటను ఆయన నిజంగానే పట్టుకున్నాడు. ‘కుక్కలను నడిపిస్తాం, మాజీ పోలీసు హవల్దారు’ అని అట్ట మీద స్వయంగా రాసి గేటుకు కట్టాడు. ఎదురింటి ఇస్త్రీవాడు అది చదివి, “నడిపిస్తారా, నాలుగు తగిలించి నిజం చెప్పిస్తారా?” అన్నాడు. వారం తిరిగేసరికి అయిదు కుక్కలొచ్చాయి. పొద్దున్నే అయిదింటినీ వరసన పట్టుకుని ఆయన వెళుతుంటే ఒక్క ముక్కు కూడా ఆయన మోకాలు దాటేది కాదు. జనం కిటికీలు తీసి చూసేవారు. ఆయన నడుముకు ఆ రోజుల్లో పదేళ్లు తగ్గాయి.

ఆ అయిదింటిలో ఒకటి టీచరమ్మది. నల్లటిది, ఎడమ చెవి చిరిగింది, పేరు మసి. నలభై ఏళ్లు లెక్కలు చెప్పిన టీచరమ్మకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. కిటికీ పక్క మంచమే ఆమె లోకం. చెల్లెలు వచ్చి చూసుకుంటోంది. జబ్బుకన్నా తిండి పెద్ద గండమైంది. ఏం పెట్టినా నోరు బిగించేది. ఒక్కటే దారి. ఎడమ చేత్తో రొట్టె తుంచి ముందు మసికి పెడుతుంది. అది అందుకుంటే రెండో ముక్క తను నోట్లో వేసుకుంటుంది. దానికో ముక్క, తనకో ముక్క. అలా ఒక రొట్టె లోపలికి పోయేది.

“మా అక్క బతుకు దీని నోట్లో ఉందన్నయ్యగారూ, జాగ్రత్తగా తీసుకురండి,” అని చెల్లెలు మొదటి రోజే చెప్పింది. హవల్దారు తల ఊపాడు. ఊపాడే గాని, ఆయన చూపు కుక్క పంజాల మీద ఉంది.

నెల తర్వాత వెనక సందులో ఎవరిదో కుక్క, పారేసిందేదో తిని నురగలు కక్కి చచ్చిపోయింది. ఆ కబురు వినగానే హవల్దారుకు తన మొదటి కుక్క కళ్లముందు మెదిలింది. దొంగలు గోడ మీంచి విసిరిన మాంసం తిని అది ఆయన ఒళ్లోనే పోయింది. ఆ తర్వాత ఆయన చేతికిందికి వచ్చిన ఏ కుక్కా పరాయి చేతి తిండి ముట్టలేదు. ‘తీసుకో’ అని ఆయన నోటితో అంటే తప్ప నాలుక కదపదు. ఈ అయిదింటికీ ఆ విద్య నేర్పాలనుకున్నాడు. ఎవరూ అడగలేదు, ఆయనా ఎవరినీ అడగలేదు.

నేర్పాలంటే పరాయి చెయ్యి ఒకటి కావాలి కదా! భార్యను పార్కు బెంచీ మీద కూర్చోబెట్టి, శాలువా కప్పి, చేతిలో రొట్టె ముక్క పెట్టాడు.

“ఈ వయసులో నాకీ నాటకాలేంటయ్యా!” అని ఆవిడ ముసిముసిగా నవ్వుతూనే చెయ్యి చాపింది. కుక్క మూతి చాపితే తాడు మీద ఒక్క గుంజు, ఒక్క గద్దింపు. ఆగితే మెచ్చుకోలు. మిగతావి ఇంకా తడబడుతుండగానే ఆ పాఠం మసికి తొమ్మిది రోజుల్లో వచ్చేసింది. అంత తెలివైనదాన్ని దళంలో కూడా చూడలేదని హవల్దారు ఇస్త్రీవాడి దగ్గర అరగంట చెప్పాడు.

సోమవారం పొద్దున కుక్కను అప్పగించబోతే చెల్లెలి మొహంలో నెత్తురు లేదు. “లోపలికి రండన్నయ్యగారూ, మీరే చూడండి.”

టీచరమ్మ మంచం మీంచి రొట్టె ముక్క చాపింది. మసి దగ్గరికి వెళ్లింది, తోక ఊపింది, ముక్క ముక్కుదాకా రాగానే మొహం పక్కకు తిప్పి, వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది. ఎంత చక్కగా కూర్చుంది! హవల్దారు ఛాతీ ఒక్క క్షణం పొంగింది. మరుక్షణం అది ఎవరి చెయ్యో చూశాడు.

“మూడు రోజులుగా ఇంతే,” అంది చెల్లెలు. “అదీ తినదు, అక్కా తినదు.”

“దానికి తెలిసిపోయింది,” అంది టీచరమ్మ, ముద్దగా సాగే మాటతో. “పోయేవాళ్ల చేతిది... ముట్టదు.” తన ముక్కను పళ్లెంలో పెట్టేసింది.

ముప్పయ్యొక్క ఏళ్లలో ఒక్క తప్పుడు రిపోర్టు రాయని మనిషి, “ఎండలకు నలతగా ఉందేమోనమ్మా,” అని బయటపడ్డాడు.

ఇంటికొచ్చి మంచినీళ్లు కూడా తాగలేదు. భార్య గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. ఆవిడ నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

“నా చేతి మీదే కదయ్యా దానికి నేర్పావు? ముసలిదాని చెయ్యి, అందులో రొట్టె ముక్క. దానికి టీచరమ్మైతే ఏంటి, నేనైతే ఏంటి? వెళ్లి చెప్పు.”

“చెబితే ఇంకెవడైనా నా చేతికి తాడు ఇస్తాడా?”

“నీ పరువు ఉడకేసి పెడితే ఆవిడ తింటుందా?”

అయినా చెప్పలేదు. నేర్పినవాడిని, మాన్పించలేనా అనుకున్నాడు. రెండు రోజులు అదే బెంచీ, అదే శాలువా. ఆయన ‘తీసుకో’ అంటే మసి తింటుంది. నోరు మూసుకుంటే ఆయన మొహంలోకి చూస్తూ కూర్చుంటుంది. చెట్టు చాటుకు వెళ్లినా ఆయనున్న వైపే తల తిప్పి ఆ మాట కోసం ఎదురుచూస్తుంది.

మూడో రోజు టీచరమ్మ గదిలో సెలైన్ సీసా వేలాడుతోంది. హవల్దారు టోపీ తీసి చేత్తో పట్టుకుని, మంచం పక్కన నిలబడి అంతా చెప్పాడు. ఏదీ దాచలేదు.

టీచరమ్మ ఆయన వైపు తల తిప్పింది. “నలభై ఏళ్లు... పాఠం చెప్పాను. ఇంకొకళ్ల క్లాసులోకి... అడక్కుండా పోలేదు.” ఆమె ఎడమ కంట్లోంచి నీరు కారింది. “అయితే... నన్ను మర్చిపోలేదా?”

“లేదమ్మా. అది ఎవరి కుక్కో నేనే మర్చిపోయాను.”

చెల్లెలు చేతులు కట్టుకుని నిలబడింది. హవల్దారు ఆమెతోనే అన్నాడు: “నా వాసన తగిలినంతకాలం నా మాట కోసమే చూస్తుందమ్మా. నేను ‘తీసుకో’ అంటే తింటుంది గాని, అది నా మాటకు తిన్నట్టు, అక్కగారి చేతిది తిన్నట్టు కాదు. నేను పట్టిన ఈ తాడు పారేసి కొత్తది కొనండి. నేను ఇక ఈ వీధిలోకి రాను. ఇంకెవరూ తిండి పెట్టకండి. ఆకలేసినప్పుడు అక్కగారే చెయ్యి చాపాలి.”

“రమ్మన్నా రావద్దు,” అని ఆమె తలుపు వేసింది.

కబురు వీధులు చుట్టింది. ఆ వారంలోనే తక్కిన నాలుగు కుక్కలవాళ్లూ ఆయన దగ్గరికి పంపడం మానేశారు. ఇస్త్రీవాడు ఆయన్ను చూస్తే బట్టల మీదికి తల వంచేస్తున్నాడు. ఎనిమిదో రోజున భార్య కొట్టు దగ్గర విని వచ్చింది. మసి ముక్క అందుకుందట. టీచరమ్మ కూడా ఒకటి నోట్లో పెట్టుకుందట. ఒకటే. రెండోది గొంతు దిగలేదట.

ఇప్పుడు హవల్దారు బజారుకు చుట్టుదారిన వెళుతున్నాడు. ఒక పొద్దున రోడ్డుకు అవతల చెల్లెలు కొత్త తాడుతో మసిని పట్టుకుని వస్తోంది. పట్టుకోవడం రాక కుక్క ఆమెను లాక్కుపోతోంది. ఆయన అడుగు ముందుకు పడబోయి ఆగింది. చెమట పట్టిన మెడ మీద గాలి ఎటు తగులుతోందో చూసుకున్నాడు. తన వైపు నుంచి దాని వైపే వీస్తోంది. ఆగి ఉన్న లారీ చుట్టూ తిరిగి, దాని ముక్కుకు అందని వైపుకు వెళ్లి, వాళ్లు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాడు.