బాబాయి వేసిన ఓటు

మా బాబాయి గవర్నరు బంగళాలో వడ్డన పని చేసేవాడు. ఇరవై మంది పట్టే బల్ల, దాని కొసన ఒకే ఒక్క కుర్చీ, ఆ కుర్చీ వెనక చేతులు కట్టుకుని బాబాయి. గవర్నర్లంతా పైనుంచి నియమించి పంపినవాళ్ళే. వాళ్ళకి ఊరు తెలీదు, ఊరికి వాళ్ళు తెలీరు. వచ్చేవారు, తినేవారు, బదిలీ మీద వెళ్ళిపోయేవారు. బాబాయి మాత్రం అలాగే నిలబడి ఉండేవాడు. మేం పిల్లలం ఆయన్ని 'నిలువుకాళ్ళ బాబాయి' అని ఏడిపించేవాళ్ళం. పిన్ని పోయాక ఇంట్లోనూ వంటగదిలో నిలబడే తినేవాడు. కూర్చుంటే ఎదుటి కుర్చీ ఖాళీగా కనిపిస్తుందట.

చివరగా వచ్చిన గవర్నరు కూడా ఒంటికాయ శొంఠికొమ్మే. వచ్చిన కొత్తలోనే ఒకరోజు చెంచా కింద పెట్టేసి, "పెద్దాయనా, నువ్విలా వెనకాల నిలబడితే నాకు ముద్ద దిగడం లేదు. వచ్చి కూర్చో" అన్నాడట. బంగళా పద్ధతి ఒప్పుకోదని బాబాయి నసిగాడు. "ఇక్కడ నా మాట వినేది నువ్వొక్కడివే. నువ్వూ వినకపోతే ఎలాగయ్యా?" అన్నాడాయన. అప్పట్నుంచి ఇద్దరూ కలిసే తినేవారు. ఏం మాట్లాడుకునేవారంటే, మోకాళ్ళ నొప్పులు, పోయిన భార్యలు. బాబాయి మొహంలోకి కళ వచ్చింది. చొక్కాకి ఇస్త్రీ కూడా వచ్చింది.

అంతలో గవర్నర్ని పైవాళ్ళే నియమించాలా, జనం ఎన్నుకోవాలా అని ఓటింగు పెట్టారు. ఊరంతా గొంతు చించుకుంది. నేను ఎన్నిక పక్షం. ముక్కూమొహం తెలియనివాణ్ణి మన నెత్తిన కూర్చోబెట్టడమేమిటని ఇప్పటికీ నా వాదన. బాబాయి నోరు మెదపకుండా వెళ్ళి తనూ ఎన్నికకే ఓటేశాడు. ఎన్నికే గెలిచింది. ఆయన ఉబ్బితబ్బిబ్బవుతూ మా ఇంటికొచ్చి, "ఇక మా అయ్యగారికి బదిలీ బెడద తప్పిందిరా. పోటీ చేస్తే ఆయన్ని కాదనేదెవరు?" అన్నాడు.



"బాబాయ్, ఆయనది ఈ రాష్ట్రం కాదు. ఇక్కడ పోటీ చెయ్యడానికే లేదు. ఇక ఆయన సర్దుకుని వెళ్ళిపోవడమే."

ఆయన కుర్చీ తడుముకుంటూ కూర్చుండిపోయాడు. అంత జాలి నాకు ఎవరిమీదా కలగలేదు.

ఆఖరి భోజనం రోజున బాబాయి చెంచా ముట్టలేదట. "అయ్యగారూ, మిమ్మల్ని పంపించేసింది నేనే" అని జరిగిందంతా చెప్పేశాడు. గవర్నరు ఆ చెంచా తీసి ఆయన చేతిలో పెట్టి, "నన్ను ఇక్కడికి పొమ్మన్నవాళ్ళున్నారు, వెనక్కి రమ్మన్నవాళ్ళున్నారు. ఉండమని ఓటేసింది నువ్వొక్కడివే" అన్నాడట.

ఇప్పుడు ఆ బంగళాలో ఎన్నికైన గవర్నరు ఉన్నాడు. మంచివాడే, నేను ఓటేసినవాడే. బల్ల చుట్టూ ఆయన చుట్టాలు, అనుచరులు, నవ్వులు. ఒక్క కుర్చీ ఖాళీ ఉండదు. బాబాయి వెనకాల నిలబడి వడ్డిస్తున్నాడు.

మొన్న ఆయన్ని మా ఇంటికి భోజనానికి పిలిచి, నా ఎదురుగా కుర్చీ వేశాను. కంచం చేత్తో పట్టుకుని గోడవారకి జరిగి, "వద్దురా, మళ్ళీ అలవాటైతే కష్టం" అన్నాడు.