పాత సర్వర్‌కు హారతి

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. తమిళనాడులో ధర్మపురి దగ్గర ఒక నూలు మిల్లులో కంప్యూటర్ల బాధ్యత నాది. అక్కడి వర్చువల్ మెషీన్లన్నిటినీ, అంటే ఒకే యంత్రంలో పక్కపక్కన నడిచే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్లన్నిటినీ, అదుపులో పెట్టే మేనేజ్‌మెంట్ సర్వర్ ఒకటుండేది. దాని డేటాబేస్‌ను పాత డేటాబేస్ సర్వర్ నుంచి కొత్తదానికి మార్చమన్నారు. మార్చాను. మేనేజరుది ఆ పక్కనే ఇండూరు, మాలాగే ఇంట్లో తెలుగు. ఆయన కొత్త సర్వర్‌కు పసుపు కుంకుమలు పెట్టించి, నిమ్మకాయ కట్టించి, అందరికీ పొంగలి పంచారు.

వారం తరువాత ఆయన ఎదుటే దర్జాగా పాత సర్వర్‌ను ఆపేశాను. మేనేజ్‌మెంట్ తెర ఖాళీ! డేటా కాపీ చేశాను గాని, మేనేజ్‌మెంట్ సర్వర్‌లో కొత్త అడ్రసు పెట్టడమే మరిచిపోయాను. వారం రోజులుగా పూజ కొత్తదానికి, చాకిరీ పాతదానికి.

"ఏమ్మా, ఏమైనాది?" అన్నారు మేనేజరు.

నోటికొచ్చింది చెప్పేశాను. "కొత్తదానికి అంత పూజ చేసినాము సార్. ఇన్నేండ్లు పనిచేసినదానికి ఒక హారతైనా ఇయ్యలేదే!"

ఆయన ముఖం చిన్నబోయింది. "తప్పు చేసినాము కదమ్మా! దాన్ని మళ్ళా ఆన్ చెయ్యి, నేను పూలు తెప్పిస్తాను."

పూలు వచ్చి, పూజ ముగిసేలోగా, నేను మూలన కూర్చుని తాజా డేటాను కొత్తదాంట్లోకి ఎక్కించి, అడ్రసు మార్చేశాను. హారతి కళ్లకద్దుకుని పాతదాన్ని ఆపితే తెర చెక్కుచెదరలేదు.

"చూసినావా!" అన్నారాయన.

అప్పటినుంచి ఆ మిల్లులో ఏ పాత యంత్రాన్ని తీసినా ముందు హారతి ఇవ్వాల్సిందే. నేను ఉద్యోగం మానేసిన రోజున ఆయన హారతి పళ్లెంతో నా ఎదుటికే వచ్చారు. నిజం చెప్పేద్దామని నోరు తెరిచేలోగా కర్పూరం ఆరిపోయింది.