జంక్షనులో ప్రస్థానపు మూట

కన్నులకు అధిదేవతయైన సూర్యభగవానునకు నమస్కారం. ఆయనను అడగడానికి నాకిప్పుడు ఏమీ మిగలలేదు. ఏ రచనకైనా ముందు చేతులు జోడించడం బాల్యం నుండి అలవాటు కనుక జోడిస్తున్నాను. చిత్రభాను నామ సంవత్సరం, ఫాల్గుణ బహుళ విదియ, గురువారం. ఆ ఒక్క దినం జరిగినదాన్ని జరిగిన వరుసలో వ్రాయడానికి కూర్చున్నాను.

మాది అనంతపురం జిల్లాలో మీటరుగేజి చిన్న లైను మీద ఉన్న ఊరు. ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా పనిచేసి విరమించాను. ఊరివారు నన్ను అయ్యవారని పిలిచేవారు. పెండ్లికైనా, బోరు వేయడానికైనా, ప్రయాణానికైనా దినం పెట్టమని మా అరుగు మీదికే వచ్చేవారు. నేను పెట్టిన ముహూర్తానికి వేసిన బోర్లలో నీళ్ళు పడనివే ఎక్కువ. అయినా వారు రావడం మానలేదు, నేను పెట్టడం మానలేదు.

ఉదయం ఏడుంబావుకు పాసింజరు బండి మా ఊరికి వచ్చి, రెండున్నర గంటలలో జంక్షను చేరేది. అక్కడ ఒకే ప్లాట్‌ఫారానికి ఒక ప్రక్క చిన్న లైను ముగుస్తుంది. రెండవ ప్రక్క, పెద్ద లైను మీద, బెంగుళూరు ఎక్స్‌ప్రెస్ వచ్చి ఆగుతుంది. రెంటికీ నడుమ ఇరవై నిమిషాల వ్యవధి, పద్దెనిమిది అడుగుల నేల. ఆ అడుగులు నేను స్వయంగా నడిచి లెక్కించాను. ఎప్పుడు లెక్కించానో తరువాత చెబుతాను.

చిన్న బండికి మనుషుల ముఖాలు తెలుసు. కరవు ముదిరిన ఆ సంవత్సరాలలో ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో ఎక్కి, నీళ్ళున్న స్టేషనులో దిగి నింపుకొనేవారు. చివరి బిందె పెట్టె లోపలికి చేరేవరకు గార్డు పచ్చజెండా విప్పేవాడు కాడు. పెద్ద బండి రెండు నిమిషాలు ఆగేది, వెళ్ళిపోయేది.

నా భార్యకు ఎడమ కన్ను పసితనంలో అమ్మవారు పోసినప్పుడే పోయింది. మిగిలిన కుడి కంటితోనే నలభై ఏళ్ళు బియ్యంలో రాళ్ళు ఏరింది, నా పంచెల చిరుగులు కుట్టింది, పత్రికలోని చిన్న అక్షరాలు నాకు చదివి వినిపించింది. ఆ సోమవారం ఉదయం పొయ్యి దగ్గర కూర్చుని, "ఏమండీ, కింద ఏందో మసి మాదిరి కనపడతాది. తుడిస్తే పోలేదు" అన్నది. మంగళవారం జిల్లా కేంద్రంలో కంటి డాక్టరు చూశాడు. కంటి లోపలి పొర పైభాగాన ఊడి వస్తున్నదని, అందుకే చూపులో క్రింది నుండి నల్లని తెర లేస్తున్నదని, అది నడుమకు చేరితే చూపు తిరిగి రాదని చెప్పాడు. బెంగుళూరులో తనకు తెలిసిన సర్జనుకు మా ఎదుటనే ఫోను చేసి, ఒక ఉత్తరం కూడా వ్రాసి ఇచ్చాడు. గురువారానికి ముందు అక్కడ పడక ఖాళీ లేదు. ఆ సాయంత్రం నాలుగు లోపల చేరితే శుక్రవారం ప్రొద్దున్నే ఆపరేషను. శని, ఆదివారాలు ఆ సర్జను ఊరిలో ఉండడు. బస్సు కుదుపులు పనికిరావు, రైలులో పడుకోబెట్టి తీసుకువెళ్ళాలి.

గురువారం దక్షిణ దిక్కుకు వారశూల, ఆ దిక్కుకు ప్రయాణం కూడదు. బెంగుళూరు మాకు దక్షిణం.

శాస్త్రం దీనికి ఒక వెసులుబాటు ఇచ్చింది. మంచి ఘడియలో మన వస్తువులను మూటగట్టి, వెళ్ళవలసిన దిక్కున ఉన్న మరొకరి ఇంట పెడితే ప్రయాణం అప్పుడే మొదలైనట్లు. మరునాడు ఆ మూట తీసుకొని సాగిపోవచ్చు. దీనినే ప్రస్థానం అంటారు. బుధవారం హస్తా నక్షత్రం. రాహుకాలం వెళ్ళిన తరువాత, పగలు రెండు గంటల లోపల, నేను పసుపు గుడ్డ పరచి మూట కట్టసాగాను. పంచె, చీర, పిడికెడు బియ్యం, పసుపు కొమ్ము, వాటి నడుమ డాక్టరు ఉత్తరం.

"కాగితం గూడా దాంట్లోనేనా? చేతిసంచిలో పెట్టుకుంటే పోలా?" అన్నది నా భార్య.

"ప్రయాణానికి ప్రాణమైన వస్తువు మూటలో ఉంటేనే అది ప్రస్థానం. పాత పంచె ఒకటి పెట్టి దేవతలను మోసం చేయమంటావా?"

"దేవతలకు ఇంగ్లీషు వస్తాదా ఏమి? ఆ డాక్టరు గీతలు కాంపౌండరుకే అర్థం కాలేదు" అని నవ్వింది. నేను నవ్వలేదు. వందల మందికి ప్రస్థానాలు పెట్టించినవాణ్ణి. స్వంత ఇంటి విషయంలో లోటు జరగరాదనుకున్నాను.

మా ఇంటికి దక్షిణంగా, స్టేషను దారిలో, కిరాణా అంగడి శెట్టిగారి ఇల్లు. శెట్టిగారి భార్య మూటను కళ్ళకద్దుకొని తీసుకున్నది. "దేవుని గూట్లో పెట్టి ఇంటికి బీగం ఏస్తా అయ్యవారూ. ఈగ గూడా వాలదు" అన్నది.

అన్నట్లే చేసింది. గురువారం ఉదయం ఆటోలో మేము ఆ ఇంటి ముందు దిగేసరికి తలుపుకు బీగం వ్రేలాడుతున్నది. ఎదురింటి ముసలాయన అరుగు మీద నుండే కేకవేశాడు. "కొళాయి వచ్చెనంట అయ్యవారూ! ఇంటిల్లిపాదీ బిందెలెత్తుకొని కింది వీధికి పోయినారు!"

మా ఊరికి ఆరు దినాలకొకసారి కొళాయి వచ్చేది. ఏ వేళకు వచ్చేదీ ఎవరికీ తెలియదు. ముహూర్తం పెట్టేటప్పుడు తిథి చూశాను, తార చూశాను. కొళాయి వచ్చే దినం చూడాలని తోచలేదు.

నా భార్య ఆటోలో నుండి అన్నది. "పోనీలేండి. ఉత్తరం లేకుంటే ఏమి? ఆ డాక్టరు ఫోనులో చెప్పినాడు గదా. పోదాం పదండి బండికి."

ఈ మాట ఆమె అన్నదని నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ వ్రాస్తున్నాను.

"ప్రస్థానం వదలి వెళితే అది ఎదురుదెబ్బ కొడుతుంది. నీవు స్టేషనుకు పో, నేను వస్తాను" అని ఆటోను పంపివేసి, క్రింది వీధికి పరుగెత్తాను. అక్కడ కొళాయి చుట్టూ వంద బిందెలు. శెట్టిగారి భార్య వంతు అప్పుడే వచ్చింది, ఆమె బిందె ధార క్రింద ఉన్నది. నన్ను చూసి నాలుక కరచుకొని కొంగుముడిలోని తాళంచెవి విప్పబోయి ఆగింది. "ఆ బీగం మీకు తిరగదు, తుప్పు పట్టి ఉండాది. నేనే వస్తా పదండి" అని బిందెను అక్కడే విడిచి నా వెంట పరుగెత్తింది. వెనుక నుండి ఎవరో ఆ బిందెను కాలితో ప్రక్కకు నెట్టిన చప్పుడు నాకు వినబడింది. ఆరు దినాల నీళ్ళు పోగొట్టుకొని ఆమె నా మూట నాకు ఇచ్చింది.

నేను స్టేషను చేరేసరికి చిన్న బండి ఇంకా నిలిచే ఉన్నది. గార్డు నా పూర్వ విద్యార్థి. విడిచిపెట్టవలసిన వేళ దాటి పద్నాలుగు నిమిషాలైనా, చుట్టిన పచ్చజెండాను చంకలో పెట్టుకొని గేటు వైపే చూస్తున్నాడు. కిటికీలలో నుండి జనం వాణ్ణి ఆటపట్టిస్తున్నారు.

"ఏమప్పా గార్డూ, బండిని పెండ్లికూతురు మాదిరి నిలబెట్టినావు! మూర్తం ఇంగా రాలేదా?"

"అయ్యవారు వచ్చినాడు లేవోయ్! పెండ్లాన్ని ముందంపి పట్టుబట్టలకు పోయినట్లుండాది!"

"ఎక్కండి అయ్యవారూ, మెల్లగా" అన్నాడు గార్డు. "మీరు రాకుండా నేను బండి ఇడుస్తానా?"

నేను మూట ఎత్తి పట్టి వాణ్ణి ఆశీర్వదించాను. శూల తప్పిందనుకున్నాను.

ఒంటి లైనులో వేళ తప్పిన బండికి దారి ఉండదు. మూడవ స్టేషనులో మమ్మల్ని పది నిమిషాలు ఆపి, ఎదురుగా వచ్చే గూడ్సును ముందు పంపారు. గార్డు స్టేషను గదిలోకి పరుగెత్తి జంక్షనుకు ఫోను చేసి వచ్చాడు. "ఎక్స్‌ప్రెస్‌ను కొంచెం పట్టమని చెప్పినా" అన్నాడు. వాడి కంఠంలో ధైర్యం లేదు. నా భార్య సీటు మీద వెల్లకిలా పడుకొని, ఒక చేతితో బల్ల అంచు పట్టుకొని ఉన్నది. "మీ గడ్డం కనపడలేదు" అన్నది. ఇంతకుముందు మసి అన్నది. ఇప్పుడు గడ్డం అన్నది.

మా బండి జంక్షను ప్లాట్‌ఫారం అంచును తాకుతుండగా ఆవలి ప్రక్కన ఎక్స్‌ప్రెస్ కదలింది. ఆ స్టేషను మాస్టరు దాన్ని నాలుగు నిమిషాలు పట్టి ఉంచాడని, అంతకు మించి అతని చేతిలో లేదని తరువాత తెలిసింది. నేను మూటతో దూకి పరుగెత్తాను. భార్యను విడిచి, మూటను పట్టుకొని పరుగెత్తాను. చివరి పెట్టె నా ముందుగా సాగిపోయింది. వెనుదిరిగి వచ్చేటప్పుడు, ఏమీ చేయడానికి లేక, అడుగులు లెక్కించాను. పద్దెనిమిది.

గార్డు టోపీ చేతిలో పట్టుకొని వచ్చాడు. "నేను ఆడ నిలపకుండా ఉంటే, అమ్మగారన్నా ఈ పెద్ద బండి అందుకునేది" అన్నాడు. వాడికి బదులు చెప్పవలసినది నేను. మూటను చంక మార్చుకొన్నాను.

తరువాతి బండి మధ్యాహ్నం మూడుకు. మాస్టరు తన గదిలోని బల్ల మీద ఆమెను పడుకోబెట్టుకోమన్నాడు. గోడకు పాత క్యాలెండరు పటం ఒకటి అంటించి ఉన్నది. జపాను దేశపు స్టేషనట. క్రింద పల్లెలకు పోయే రెండు పెట్టెల బండి, పై అంతస్తులో బాణం వంటి తెల్లని బండి, రెంటినీ కలిపే మెట్లు. "ఆ దేశంలో చిన్న బండి దిగినోళ్ళు మెట్లెక్కితే సాలు సామీ, పెద్ద బండి ఎదురుగా ఉంటాదంట" అన్నాడు మాస్టరు. "క్షణాలు లెక్కంట వాళ్ళకు."

ఆమె తల కొంచెం ఎత్తి పటం వైపు చూసింది.

"పైన తెల్ల బండి ఉండాది" అన్నది.

"క్రింద చిన్న బండి కూడా ఉంది కదా?"

"కింద ఏమీ లేదు." తల మళ్ళీ బల్లకు ఆన్చి, "మీరు చెప్తే ఉన్నట్లే" అన్నది.

నలభై ఏళ్ళుగా మా ఇంట్లో నేను చెప్పినదల్లా అలాగే ఉంటూ వచ్చింది. గురువారం శూల ఉన్నదన్నాను, ఉన్నది. మూటలోనే ప్రయాణం ఉన్నదన్నాను, ఉన్నది. ఆ మాటలో నింద ఉంటే తట్టుకొనేవాణ్ణి. లేదు. పట్టాల అవతల వేరుసెనగ కూడా మొలవని ఎర్ర నేల ఎండలో మండుతున్నది. మూడు గంటల బండి ఎక్కించేటప్పుడు ఆమె నా ముఖం వైపు చూస్తూ, "ఇప్పుడు మీ నోరు గూడా పోయింది. మాట్లాడతా ఉండండి" అన్నది. బాల్యం నుండి కంఠస్థం చేసిన వేల పద్యాలలో ఒక్క పాదం కూడా రాలేదు.

ఆసుపత్రి చేరేసరికి చీకటి పడింది. శుక్రవారం ఆపరేషన్ల వరుసలో మా చోటును నాలుగు గంటలు దాటగానే మరొకరికి ఇచ్చివేశారు. ఉత్తరాన్ని ఎవరూ అడగలేదు. నేనే మూట విప్పి ఇస్తే, నర్సు అందులోని బియ్యపు గింజలు దులిపి, విప్పకుండానే ఫైలులో పెట్టింది. ఫోనులో విన్నదంతా వారి పుస్తకంలో అప్పటికే వ్రాసి ఉన్నది.

2003 మార్చి 24, సోమవారం నాడు ఆపరేషను చేశారు. చూపు రాలేదు.