సారు జాగ

సారు పోయారని వనపర్తి నుంచి ఫోన్ వచ్చింది. పాలిటెక్నిక్‌లో నాకు పాఠాలు చెప్పిన సారు. నిద్రలోనే వెళ్లిపోయారట. ఒక్కరి పనీ ఆపకుండా వెళ్లడం ఆయన పద్ధతే.

ఆయనకు ఒకటే పిచ్చి, సిమ్యులేషన్. స్లాబును ముందు కంప్యూటర్‌లో పోసి చూడాలి. తెర మీద కూలీలంతా రంగు చుక్కలు. మిక్సర్ దగ్గర ఎందరుండాలి, తట్టలందించే వరుసలో ఎందరు, ఎవరు ఊరికే నిలబడిపోతారు, అన్నీ ముందే తెలిసేవి. "కంప్యూటర్ లోపల వానొస్తే ఎవ్వరు తడవరమ్మా. తప్పులన్ని ఈడనే చేద్దాం" అనేవారు. చాయ్ తాగే సేపు తీసేస్తే పని తొందరగా అవుతుంది కదా అని అడిగితే, "చాయ్ తాగని చుక్కను యాడికెల్లి తేవాలె?" అని నవ్వేవారు.

గద్వాలలో నేను కాంట్రాక్టరునయ్యాక మొదటి పని వడ్డేపల్లిలో బడి గదుల స్లాబు. మధ్యలో ఆగితే అతుకు పడుతుంది, అతుకు పడితే కారుతుంది. కారితే ఇక 'ఆడపిల్లకు కాంట్రాక్టేంది' అన్నవాళ్లదే గెలుపు. సారు బస్సెక్కి వచ్చి, లాప్‌టాప్‌లో చుక్కల్ని నడిపించి, పొద్దుగూకకముందే అయిపోతుందన్నారు.

కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టాం. వరుస ఒక్కచోట ఆగుతూనే ఉంది. ఒకామె ప్రతి తట్టనూ నేల మీద పెడుతోంది. అటు మబ్బు కమ్ముకొస్తోంది. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆమె మీద అరవబోతే సారు ఆపారు.

"పని ఆగిన కాడ మనిషిని తిట్టొద్దు. పక్కన ఎవరున్నరో చూడు."

పక్కనున్నది ఆమె మామ. కోడలు మామ చేతికి తట్ట అందివ్వదు. కొంగు సర్దుకుని కింద పెడితే ఆయన వంగి ఎత్తుకుంటున్నాడు. మా చుక్కలకు చుట్టరికాలు లేవు మరి.

సారు ప్యాంటు మడుచుకుని వాళ్లిద్దరి మధ్యలో దూరారు. "నేను మీ ఇద్దరికి ఏం గాను. ఇటియ్యమ్మా."

వరుస సాగింది. ఇస్త్రీ చొక్కా సిమెంటు రంగుకు తిరిగింది. ఆఖరి తట్ట పోసి టార్పాలిన్ పట్టాలు కప్పుతుంటే చినుకులు మొదలయ్యాయి. స్లాబు దావత్‌లో సారు లాప్‌టాప్ ముందేసుకుని, ఎవరికెవరు ఏమవుతారో ఒక్కొక్కరినీ అడిగి చుక్కలకు చుట్టరికాలు కలిపారు.

"నా చుక్క గింత లావుందేంది సారూ?" అన్నాడు మామ.

"మటన్ జర తక్కువ తిను" అన్నారు సారు. అంత సంతోషంగా ఆయన్ని క్లాసులో కూడా చూడలేదు.

అప్పటి నుంచి నా వరుసల్లో మామాకోడళ్ల మధ్య ఒక పరాయి మనిషి ఉంటారు. ఆ చోటుకు 'సారు జాగ' అని కూలీలే పేరు పెట్టారు.

మొన్న నాగర్‌కర్నూల్‌లో స్లాబు. సారు పోయాక మొదటిది. ఆ మామ, ఆ కోడలు వచ్చారు. వరుస నిలబడింది, మధ్యలో ఆ చోటు మాత్రం వదిలేశారు. ఎవరినైనా అక్కడ నిలబడమందామంటే నాకు మనసొప్పలేదు.

"సారు జాగ ఖాళీగుంది మేడం" అన్నాడు మామ.

"చూస్తున్న" అన్నాను.

చున్నీ నడుముకు చుట్టుకుని వెళ్లి నిలబడ్డాను. కోడలు తట్ట నా చేతికిచ్చింది. ఇంత బరువుంటుందని సారు ఏనాడూ అనలేదు.