మొదటి పది నిమిషాల నీళ్లు

ఈ ఉదయం మీరు తాగిన నీళ్లు మంచివని మీకు ఎవరు చెప్పారు? ఫిల్టరు అమ్మినవాడా, వీధిలో కట్టిన బోర్డా, లేక ఏదో కాగితం కింద నాలాంటివాళ్లు చేసిన సంతకమా? ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఈ ప్రశ్న నేనే ఇతరులను అడిగేదాన్ని. నన్ను అడిగింది మాత్రం ఒకే ఒక్క మనిషి. నాంపల్లిలో ఒక గల్లీ చివరి ఇంట్లో ఉండేది.

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, చలికాలం మొదట్లో, మా విశ్వవిద్యాలయం నీటి పరిశోధన విభాగంవారు నన్ను నాంపల్లి ప్రాజెక్టుకు వేశారు. నా హోదా సీనియర్ అనలిస్టు. ప్రొఫెసర్ కన్నా కింద, ల్యాబ్ అసిస్టెంటు కన్నా పైన. పరిశోధన పత్రంలో మా పేరుండదు, పరీక్ష ఫలితం కింద సంతకం ఉంటుంది. గొప్ప చెప్పుకోవలసి వస్తే మొదటిది చూస్తారు, తప్పు వెతకవలసి వస్తే రెండోది.

సమాజానికి పనికొచ్చే సాంకేతికత అనే శీర్షిక కింద మా ప్రొఫెసర్ మాధవరావుగారి బృందం ఒక పెట్టె తయారు చేసింది. గల్లీలోకి వచ్చే మంచినీళ్ల పైపుకు దాన్ని బిగిస్తారు. నీళ్లలో క్లోరిన్ మిగిలి ఉందా, మడ్డి ఉందా అని అది చూస్తుంది. బాగుంటే ఆకుపచ్చ లైటు, లేకపోతే ఎర్ర లైటు. దారిలో మురుగు కలిస్తే క్లోరిన్ దానిమీదే ఖర్చయిపోతుంది కాబట్టి, మిగిలి ఉందంటే నీళ్లు శుభ్రమని లెక్క.

పెట్టె బిగించిన రోజున కొబ్బరికాయ కొట్టారు. పసుపు రాశారు. ఎవరో నిమ్మకాయా మిరపకాయలూ గుచ్చి కింద వేలాడదీశారు. నేను అభ్యంతరం చెప్పాను. ప్రజల భాగస్వామ్యం అంటే ఇదేనమ్మా, ఫొటో కూడా బాగా వస్తుంది అన్నారు ప్రొఫెసర్‌గారు. ఇంటికి వెళ్లి, సైన్సుకు దిష్టి తీయడమేమిటని రెండు పేజీలు మండిపడుతూ రాశాను. ఎవరూ అచ్చు వేయలేదు. వేయకపోవడమే మంచిదైంది, ఎందుకంటే ఆ తర్వాత జరిగినదాంట్లో నిమ్మకాయ తప్పేమీ లేదు.

పెట్టె పక్కన మేమొక కాగితం అంటించాం. ‘ఆకుపచ్చ అంటే భద్రం’ అని పెద్ద అక్షరాలు, కింద నా సంతకం. ఆ సంతకం ఊరికే చేయలేదు. పెట్టె చెప్పేది నిజమో కాదో చూడడానికి వారం వారం నేను వెళ్లి నమూనా పట్టేదాన్ని. దానికొక పద్ధతి ఉంది. నల్లా మూతిని స్పిరిటుతో తుడిచి, మంటతో కాల్చి, నీళ్లు నిలకడకు వచ్చాక మరో మూడు నిమిషాలు వదిలేసి, అప్పుడు శుద్ధి చేసిన సీసాలో పట్టాలి. పెట్టె ఆకుపచ్చ చూపించేది, నా సీసా తేటగా ఉండేది. రెండు వేరు వేరు పద్ధతులు ఒకే మాట చెబుతున్నాయంటే ఇంకేం రుజువు కావాలి? ప్రొఫెసర్‌గారు ఈ పొంతన మీద ఒక పత్రం మొదలుపెట్టారు.

ఒక రోజు గల్లీ చివరి ఇంటి సువర్ణ నా దగ్గరికి వచ్చింది. ఆబిడ్స్ బట్టల దుకాణాల్లో పనిచేసేవాళ్లకు మధ్యాహ్నం క్యారియర్లు కట్టి పంపే మనిషి. కొంగు నడుముకు దోపుకుని, పెట్టె వైపు గడ్డంతో చూపించింది.

“మేడం, మీ లైటు అబద్ధమాడుతదా?”

యంత్రం అబద్ధమాడదని చెప్పాను.

“గట్లయితే నా బిడ్డకు కామెర్లెట్ల అయినయి?”

బిడ్డ పేరు మౌనిక, ఇంటర్ రెండో సంవత్సరం. పరీక్షలు దగ్గరికి వచ్చాయి, పిల్లేమో దవాఖానలో ఉంది. మా శిక్షణ ప్రకారం నేను ముందుగా బయటి తిండి గురించి అడిగాను. సువర్ణ నన్ను కొంచెం జాలిగా చూసింది. “ఆబిడ్స్‌కు బువ్వ పంపేదాన్ని నేను. నా బిడ్డకు బయటి తిండి ఏం ఖర్మ మేడం?”

తర్వాత అసలు సంగతి చెప్పింది. ఎన్నో ఏళ్లుగా ఆమె తాగే నీళ్లు కాచేది. మా లైటు వచ్చాక మానేసింది. భద్రమని చదువుకున్నవాళ్లు సంతకం పెట్టి చెప్పాక గ్యాస్ దండుగ ఎందుకని.

నిమ్మకాయ ఎవరినీ నీళ్లు కాచుకోవద్దనలేదు. ఆ మాట అన్నది నేనే.

ఇంతలో ఆమె లోపలికి వెళ్లి స్టీలు చెంబుతో నీళ్లు తెచ్చింది. “మీరు పట్టే నీళ్లు నేను చూసిన. మేం పట్టే నీళ్లు మీరు చూడలే. ఇగో, తాగుర్రి.”

నేను తాగలేదు. ఆమె కూడా మళ్లీ తాగమనలేదు.

ఆ గల్లీకి నీళ్లు రోజు విడిచి రోజు, పొద్దున ఒక గంట వస్తాయి. గల్లీ మొదట్లో ఐదిళ్లకు మోటార్లున్నాయి. మొదటి నీళ్లు మొక్కలకు వదిలేసి, నీళ్లు తేటపడ్డాక వాళ్లు మోటారు వేసుకుంటారు. మోటార్లు మొదలయ్యాక చివరి ఇంటి నల్లాలో గాలి తప్ప ఏమీ రాదు. సువర్ణకు దొరికేది మొదటి పది నిమిషాల నీళ్లే. నేను నమూనా పట్టేది మొదటి ఇంటి నల్లా దగ్గర, అదీ నిలకడకు వచ్చాక.

మరి పెట్టె? ఖాళీ పైపులోకి నీళ్లు రాగానే గాలి బుడగలకు సెన్సర్ అంకెలు గంతులేస్తాయి. అందుకని మొదటి పది నిమిషాల అంకెలు పారేయమని విద్యార్థులు ప్రోగ్రాం రాశారు, నేను ఆమోదించాను. రెండు పద్ధతులూ ఒకే మాట చెప్పాయంటే, రెండూ ఒకే సమయంలో కళ్లు మూసుకున్నాయన్నమాట.

తర్వాత నీళ్లొచ్చే రోజున ఆరు కాకముందే వెళ్లి సువర్ణ నల్లా దగ్గర రెండేసి నిమిషాలకు ఒక సీసా చొప్పున ఐదు సీసాలు పట్టాను. ఆరోది నీళ్లు తేటపడ్డాక మోటారున్న మొదటి ఇంట్లో. మురుగు కలిస్తే నల్లబడే మందు వాటిలో ఉంటుంది. మర్నాటికి ల్యాబ్ కిటికీలో ఐదూ నల్లగా, ఆరోది తేటగా నిలబడ్డాయి. పైపు ఒకచోట మురికి కాలువ దాటుతుంది, అక్కడ అతుకు పగిలింది. సరఫరా ఆగితే కాలువ నీరు పైపులోకి దిగుతుంది. మళ్లీ నీళ్లు వదలగానే అదంతా మొదటి నీళ్లతోపాటే చివరి ఇంటికి చేరుతుంది.

లక్డీకాపూల్‌లో ఒక హోటల్లో సమీక్షా సమావేశం జరిగింది. నాంపల్లి నీటి ఘనత గురించి మాట్లాడే ప్రతివారి ముందూ సీలు వేసిన నీళ్ల సీసా ఉంది. నేను నా ఆరు సీసాలను వాటి పక్కన పెట్టాను. ప్రొఫెసర్‌గారు నొచ్చుకున్నారు. “ఆ పది నిమిషాలు డేటా కాదమ్మా, యంత్రం తడబాటు. దాన్ని తీసేయడం మీకూ తెలిసిందే కదా.”

“తెలిసిందే సార్. ఆ తడబాటును ఒక పిల్ల తాగింది.”

తుది నివేదిక మీద అనలిస్టు సంతకం లేకపోతే ఫైలు కదలదు. సంతకం పెట్టాను, పైన రిమార్కుల గడిలో మూడు వాక్యాలు రాసి: మొదటి పది నిమిషాల నీరు తాగడానికి పనికిరాదు. పెట్టె దాన్ని కొలవదు. ఈ పద్ధతిని ఆమోదించింది నేనే. రాతలో ఉన్నదాన్ని ఎవరో ఒకరు చదవక తప్పదు. లైటు ఆర్పేశారు, కాగితం పీకేశారు, కొన్ని వారాలకు పైపు మార్చారు. ప్రొఫెసర్‌గారి బృందం మొదటి పది నిమిషాల సమస్య మీదే కొత్త పరిశోధన మొదలుపెట్టింది. ప్రశంసలు వచ్చాయని విన్నాను. మౌనిక కోలుకుంది, ఆ ఏడు పరీక్ష మాత్రం రాయలేదు.

కొత్త పైపు నీళ్లు నేనే పరీక్షించి, బాగున్నాయని సువర్ణకు చెప్పాను. స్టవ్ మీద గిన్నె మరుగుతూనే ఉంది. “మంచిగున్నయంటరు, సంతోషం మేడం. జర కాచుకుంటే నాకేం పాయె?” అంది. నా ఉద్యోగ జీవితంలో నేను చూసిన అసలైన హేతువాది ఆమె.

నేను నేర్చుకున్నది చిన్న విషయం. పరీక్ష ఏ నిమిషంలో, ఎవరి గుమ్మంలో మొదలవ్వాలో నిర్ణయించేవాడే దాని ఫలితాన్నీ నిర్ణయిస్తాడు. కాబట్టి మీ వీధి నీళ్లు మంచివని ఎవరైనా కాగితం చూపిస్తే, ఏ ఇంటి నల్లా, ఎన్నో నిమిషం అని అడగండి. రేపు నల్లా తిప్పగానే వచ్చే మొదటి గ్లాసు నీళ్లు శుభ్రమైన సీసాలో పట్టి వాళ్ల బల్ల మీద పెట్టండి. జవాబు రాతపూర్వకంగా వచ్చేదాకా అక్కడినుంచి కదలకండి, ఇంట్లో నీళ్లు కాచడం మానకండి.