మూడు వారాలు అడిగిన మేస్త్రి

మా మేనమామ తాపీమేస్త్రి. శ్లాబు వేశాక దాన్ని తడి గోనెపట్టాలతో కప్పి, బాలింత పసిబిడ్డను కనిపెట్టుకున్నట్టు పక్కనే కూర్చునేవాడు. గోనెపట్టా మేస్త్రి అని అందరూ ఎగతాళి చేసేవారు. ముప్ఫై ఏళ్లలో ఆయన వేసిన కప్పు ఒక్కటీ బీటవారలేదు.

ఒక ప్రైవేటు బడికి కొత్త భవనం ఒప్పుకున్నాడు. నాలుగు గదులు, ఆరు నెలలు అని మాట. నాలుగో నెలలో యజమాని వచ్చి పైన ఇంకో రెండు గదులు కావాలన్నాడు.

"వేద్దామండీ. మరి గడువు?"

"అదే గడువు. తెరిచే తేదీ కార్డుల్లో అచ్చేయించేశాం."

"పోనీ, మనుషుల్ని పెంచుతా. కూలి..."

"మొదట అనుకున్నదాని మీద పైసా పెరగదు."

మావయ్యకు నవ్వొచ్చిందట. "అయ్యా, ఉన్నది ఒకటే దుప్పటి. తలమీదికి లాగితే కాళ్లు బయటపడతాయి" అన్నాడు.

పక్కనున్న ఇంజనీరు, "నీకు చేతకాకపోతే చెప్పు మేస్త్రీ, రేపే ఇంకొకణ్ణి తెస్తా" అన్నాడు.

మావయ్య వెనక్కి చూశాడు. ఇసుక జల్లిస్తున్నవాళ్లు, ఇటుకలు మోస్తున్నవాళ్లు, ఇరవైమందీ పని ఆపి ఆయన్నే చూస్తున్నారు. సరేనన్నాడు.

పై గదుల శ్లాబు వేసిన ఎనిమిదో రోజే కింది ఊతకర్రలు తీసేయమన్నాడు ఇంజనీరు. రంగులవాళ్లు లోపలికి రావాలట. శ్లాబు ఇంకా పచ్చిదే, మూడు వారాలైనా ఉంచాలని మావయ్య బతిమాలాడు. చివరికి, మేస్త్రి సమ్మతితోనే తీస్తున్నామని ఇంజనీరు రాసి తెచ్చిన కాగితం మీద తనే సంతకం పెట్టి మరీ తీయించాడు. ఆ రోజు అన్నం కలుపుతూనే కూర్చున్నాడు తప్ప ముద్ద నోట పెట్టలేదని అత్తయ్య చెప్పేది.

అనుకున్న తేదీకే బడి తెరిచారు. ఇంజనీరుకు పడ్డ చప్పట్లు మావయ్య గేటు బయట నిలబడి విన్నాడు.

కప్పులో సన్నటి బీటలు పడ్డాయి. వాన నీళ్లు దిగాయి. రెండో ఏడు ఒక సెలవు రోజున పై గది కప్పు ఓ మూల పెళ్లగా ఊడి, గది ఊడుస్తున్న ఆయమ్మ మీద పడింది. కుడిభుజం నుజ్జయింది. మావయ్య ఆసుపత్రికి పరుగెత్తాడు.

"అది పచ్చిదని నీకు తెలుసటగా అన్నా?" అంది ఆవిడ.



విచారణలో ఇంజనీరు ఆ కాగితం తీశాడు. తప్పంతా మావయ్య నెత్తిన పడింది. తరవాత ఆయన్ని పనికి పిలిచినవాడు లేడు. మరమ్మతు ఇంకో మేస్త్రికిచ్చారు. నాలుగు నెలల గడువిచ్చారు, ఖర్చు ఎంతైనా ఫర్వాలేదన్నారు, పైన ఒక్క గదే చాలన్నారు.

ఆ సంగతి నేనే వెళ్లి చెప్పాను. ఒక గిడ్డంగి ముందు కాపలా కుర్చీలో ఉన్నాడు మావయ్య.

"మూడు వారాలు లేవన్నార్రా. నిజంగానే లేవేమో అనుకున్నా" అన్నాడు.

ఇప్పటికీ జీతం అందిన రోజున ఆయమ్మ ఇంటికి వెళ్తాడు. ఆవిడ తలుపు తీయదు.