గోడ కట్టనివ్వని మందు

జ్వరం తగ్గగానే మాత్రలు ఆపేయడం మా అక్కకు పాత అలవాటు. ఒకసారి అలా ఆపితే మూత్రంలోని ఇన్‌ఫెక్షన్ కిడ్నీకి ఎక్కి, చలిజ్వరంతో ఆసుపత్రిలో పడింది. మళ్ళీ ఆపితే కిడ్నీ దక్కదని డాక్టరు గట్టిగా చెప్పాడు. అయినా ఈసారి ఇన్‌ఫెక్షన్ తిరగబెట్టినప్పుడు, కోర్సు సగంలో ఉండగానే మా బావ అడ్డం పడ్డాడు. మందు వేడి చేస్తోందట, తాయెత్తు చాలట. బావ ముదిగుబ్బ దగ్గర గొర్రెలు మేపుతాడు. మొండిమనిషి. తాయెత్తులకు వ్యతిరేకంగా నేను ఎక్కని వేదిక లేదు. ఆ గర్జనలేవీ సొంత అక్క గడప దాటలేదు.

మాటలు చాలనిచోట కళ్ళకే చూపించాలనుకున్నాను. బావను బతిమాలి అనంతపురంలో ఒక కాలేజీకి తీసుకెళ్ళాను. అక్కడ సూక్ష్మజీవశాస్త్రం చెప్పే నా స్నేహితురాలు, అక్క మూత్రంలోని బ్యాక్టీరియాను ల్యాబులో పెంచి ఉంచింది. మైక్రోస్కోపు కింద మొదటి స్లైడులో మందు తగలనివి పొట్టి కడ్డీల్లా కిటకిటలాడుతున్నాయి. రెండోదాంట్లో అక్క మింగే మందే కలిపి గంట దాటింది.

బావ కన్ను పెట్టి ఎగిరిపడ్డాడు.

"ఏమప్పా బామ్మర్దీ, మీ మందు తిని బలిసినాయే ఇవి! దారాల మాదిరి ఎంత పొడుగైనాయో సూడు. ఇదేనా మీ అక్కకు మేపుతాండేది?"

నేనూ చూశాను. నిజమే, పాముల్లా సాగి ఉన్నాయి. స్నేహితురాలి వైపు తిరిగాను.

స్నేహితురాలు నవ్వింది. "పెరిగినాయన్నా, బలంతో కాదు. ఒకటి రెండు కావాలంటే నడుమ అడ్డగోడ కట్టుకోవల్ల. ఆ గోడను మందు కట్టనీదు. పెరుగుతాండాయి, విడిపోలేకపోతాండాయి."

"అంటే... ఈనలేకపోతాండాయా?" బావ గొంతు తగ్గింది.

"అంతే. కన్ను తీయకుండా చూస్తాండు."

కాసేపటికి బావ బల్ల చరిచాడు. ఒక దారం నడుమ ఉబ్బింది. చుట్టూ ఉన్న గోడ బలహీనపడ్డ చోట లోపలి ఒత్తిడికి ఆగలేక పగిలింది. సరుకంతా బయటికి చిమ్మి, వట్టి నీడ మిగిలింది.

"పగిలిపాయ! ఇంగోటి పాయ! సచ్చినాడు నా కొడుకు!"

నాకు చూసే వంతు ఎంతసేపటికో గానీ ఇవ్వలేదు. ఏ మంత్రమూ లేకుండా మనిషి బుద్ధి ఆ గోడను వెతికి పట్టుకుంది! మన కణాలకు అలాంటి గోడే లేదు. అందుకే శత్రువు ఇల్లు కూల్చే మందు మన ఇంటిని వదిలేస్తుంది. ఇంతకన్నా గొప్ప మహిమ ఎవరైనా చూపిస్తే వాదానికి రమ్మనండి.

ఊరు చేరగానే బావ వాకిట్లోనే పక్కింటివాళ్ళకు కథ మొదలుపెట్టాడు. అక్క విసురుగా బయటికొచ్చింది.

"నా ఉచ్చ సంగతి వీధంతా సాటుతాండావే, సిగ్గులేదా మనిషీ?"

"ముందు మాత్ర మింగు. ఇప్పుడు ఆపితే సావకుండా మిగిలినవి మళ్ళా ఈనుతాయి."

తిట్టుకుంటూనే మింగింది. కోర్సు చివరి దాకా బావ దగ్గరుండి మింగించాడు. తర్వాత చేసిన పరీక్షలో ల్యాబు ప్లేటు మీద ఒక్క బ్యాక్టీరియా కూడా పెరగలేదు. ఆ మాట చెబుదామని పోతే అక్క ఇంట్లో లేదు. వంట బావకు వదిలి, వేరుశనగ చేలో కలుపు తీస్తోంది.